రెండు చిన్న దొంగతనాలు, ఒక గ్రీన్ కార్డ్: డిటెన్షన్‌లో కాలం లెక్క

"లోపల ఉన్నన్నాళ్ళూ గ్రీన్ కార్డ్ ఉన్నట్టా, పోయినట్టా?" ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ అమలు సంస్థ) కస్టడీలో ఉన్నవాళ్ళ కోసం, ఇమిగ్రేషన్ లాయర్‌నైన నాకు ఫోన్ చేసే భర్తలు, తమ్ముళ్ళు మొదట అడిగేది ఇదే.

ఉన్నట్టే. ఇమిగ్రేషన్ జడ్జి డిపోర్టేషన్ ఆర్డర్ ఇచ్చి, అది ఫైనల్ అయ్యేదాకా గ్రీన్ కార్డ్ హోల్డర్ పర్మనెంట్ రెసిడెంటే. అప్పీల్ వేస్తే బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ తేల్చేదాకా ఆర్డర్ ఫైనల్ కాదు. ఐస్ వాళ్ళు కార్డ్ తీసేసుకున్నా, కార్డ్ మీద గడువు తీరిపోయినా హోదా పోదు. 1981లో మ్యాటర్ ఆఫ్ లోక్ అనే కేసులోనే బోర్డ్ ఈ సంగతి తేల్చేసింది. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతో వస్తుంది. లోపల గడిపిన ఆ నెలలు దేనికి లెక్కకొస్తాయి, దేనికి రావు? చట్టం ఒకే కాలాన్ని నాలుగైదు రకాలుగా లెక్కపెడుతుంది. ఒక లెక్క ఆగిపోయాక కూడా ఇంకోటి నడుస్తూనే ఉంటుంది. ఈ తేడా తెలియక, గెలిచే కేసులో సంతకం పెట్టేసి విమానం ఎక్కినవాళ్ళు ఉన్నారు.

ఇక్కడ చెప్పే కేసు టెక్సస్‌ది. క్లయింట్‌ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు పూర్వాపరాలు

ఆమెది గుంటూరు జిల్లా. పెళ్ళయ్యాక 2012 ఏప్రిల్‌లో హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద డాలస్ వచ్చారు. మొదటి మూడేళ్ళు పనిచేసే వీలే లేదు. తర్వాత హెచ్-4 వాళ్ళకి ఈఏడీ (పనిచేసే అనుమతి) ఇవ్వడం మొదలైనా, ఇద్దరు చిన్నపిల్లలతో ఇంట్లోనే ఉండిపోయారు.

2017 ఫిబ్రవరిలో ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకుని దొరికిపోయారు. సరుకు విలువ రెండొందల డాలర్ల లోపే. టెక్సస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న స్థాయి నేరం), గరిష్ఠ శిక్ష 180 రోజులు. అప్పటి క్రిమినల్ లాయర్ డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇప్పించారు. అంటే నేరం ఒప్పుకుని కొన్ని నెలలు ప్రొబేషన్‌లో బుద్ధిగా ఉంటే కోర్టు కేసు కొట్టేస్తుంది. కొట్టేసింది కూడా.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "డిఫర్డ్ వచ్చిందంటే రికార్డే లేనట్టు" అని ధైర్యం చెప్పుకుంటుంటారు. టెక్సస్ చట్టం వరకైతే ఆ మాటలో కొంత నిజముంది. ఇమిగ్రేషన్ చట్టానికి మాత్రం 1996 నుంచి సొంత నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకుని, దానికి ఏ రకమైన శిక్షో షరతో పడితే అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. తర్వాత కొట్టేసినా కన్విక్షనే. ఆమె ఆ సంగతి దాచకుండా గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో చెప్పారు, అది మంచిదయింది. ఒకే ఒక్క నేరం, గరిష్ఠ శిక్ష ఏడాదికి మించదు, పడిన శిక్ష ఆర్నెల్లకి మించలేదు అన్నప్పుడు చట్టంలో 'పెటీ అఫెన్స్' మినహాయింపు ఉంది. ఆఫీసర్ దాన్ని వర్తింపజేశారు. 2018 ఏప్రిల్‌లో భార్యాభర్తలిద్దరికీ కార్డులు వచ్చాయి.

2021 జూలైలో మళ్ళీ అదే పని, మళ్ళీ సెల్ఫ్ చెకౌట్ దగ్గరే. ఈసారి స్టోర్ వాళ్ళు మొదటిరోజు పట్టుకోలేదు. కెమెరాలో చూస్తూ కొన్ని వారాలపాటు పోయిన సరుకంతా లెక్కగట్టి, మొత్తం 750 డాలర్లు దాటాక పోలీసుల్ని పిలిచారు. ఒకే పథకంలో భాగంగా చేసిన దొంగతనాల విలువ కలిపి కేసు పెట్టడానికి టెక్సస్ చట్టం ఒప్పుకుంటుంది. కేసు క్లాస్ ఎ అయింది, గరిష్ఠ శిక్ష ఏడాది. "చిన్న షాప్‌లిఫ్టింగే కదా" అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఏడాది, 45 రోజులు

ప్లీ బేరం (నేరం ఒప్పుకుంటే ఎంత శిక్ష అన్న బేరం) నడుస్తున్నప్పుడు కొత్త క్రిమినల్ లాయర్ నాకు ఫోన్ చేశారు. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి, నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పుందా లేదా అన్నది క్లయింట్‌కి చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయర్‌దే. ఈయన ఆ బాధ్యత సీరియస్‌గా తీసుకున్న మనిషి.

ప్రాసిక్యూటర్ ఇస్తానన్నది వినడానికి చాలా బాగుంది. ఏడాది జైలు శిక్ష, కానీ మొత్తం సస్పెండెడ్, ప్రొబేషన్. ఒక్కరోజు కూడా లోపలికి వెళ్ళక్కర్లేదు. భర్త అప్పుడే ఊపిరి పీల్చుకున్నారు. నేను వద్దన్నాను.

ఇమిగ్రేషన్ చట్టంలో దొంగతనానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష పడితే అది అగ్రవేటెడ్ ఫెలనీ (తీవ్ర నేరం). టెక్సస్ దాన్ని మిస్‌డిమీనర్ అన్నా సరే, శిక్ష మొత్తం సస్పెండ్ చేసినా సరే. చట్టం చూసేది కోర్టు వేసిన శిక్షని, లోపల గడిపిన రోజుల్ని కాదు. అగ్రవేటెడ్ ఫెలనీ అయితే గ్రీన్ కార్డ్ హోల్డర్‌కి ఉన్న ముఖ్యమైన రక్షణ పూర్తిగా పోతుంది. నేను అడగమన్నది ఏడాదికి తక్కువ శిక్ష, కావాలంటే నిజంగా జైల్లో గడిపేది. చివరికి 45 రోజుల కౌంటీ జైలుకి ఒప్పందం కుదిరింది. "జైలు వద్దంటుంటే మీరు జైలుకి పంపుతున్నారేంటి మేడమ్?" అన్నారు భర్త. ఇంటికి పంపే ఏడాది శిక్ష కన్నా లోపల ఉంచే 45 రోజులే నయమని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడు ఏడాది తీసుకుని తర్వాత తగ్గించుకోవచ్చుగా" అని ఆయన స్నేహితుడెవరో సలహా ఇచ్చాడట. ఒకప్పుడు అది పనిచేసేది. 2019లో అటార్నీ జనరల్ ఇచ్చిన మ్యాటర్ ఆఫ్ థామస్ అండ్ థాంప్సన్ తీర్పు తర్వాత, అసలు కేసులో చట్టపరమైన లోపం ఉంటే తప్ప, శిక్ష తర్వాత తగ్గించినా ఇమిగ్రేషన్ కోర్టు పట్టించుకోదు.

బాండ్ లేని డిటెన్షన్

2022 సెప్టెంబర్‌లో జైలు శిక్ష పూర్తయిన రోజు ఆమె ఇంటికి రాలేదు. ఐస్ ముందే డీటెయినర్ (వదలకుండా తమకి అప్పగించమనే కాగితం) పెట్టి ఉంచింది. టెక్సస్‌లో 2017 నుంచి జైళ్ళు దాన్ని పాటించి తీరాలి. కౌంటీ జైలు నుంచి నేరుగా డిటెన్షన్ సెంటర్‌కి తీసుకెళ్ళి, నోటీస్ టు అప్పియర్ (డిపోర్టేషన్ కేసు మొదలుపెట్టే నోటీసు) చేతికిచ్చారు. ఆరోపణ: అమెరికాలో అడ్మిట్ అయ్యాక, ఒకే సంఘటనలో భాగం కాని రెండు నైతిక పతన నేరాలు. చట్టం 'మోరల్ టర్పిట్యూడ్' అని పిలిచే ఈ కోవలోకి దొంగతనం వస్తుంది.

ఈ ఆరోపణ మీద పట్టుకున్నవాళ్ళకి బాండ్ (పూచీకత్తు మీద విడుదల) ఉండదు. బాండ్ అడగాలంటే ముందు జోసెఫ్ హియరింగ్ పెట్టించుకుని, ఈ ఆరోపణ నిలబడే అవకాశమే లేదని చూపించాలి. రెండు దొంగతనాలకీ నాలుగేళ్ళకి పైగా ఎడం, రెండిట్లోనూ నేరం ఒప్పుకోలు. ఆ హియరింగ్‌కి సరిపడే సరుకు ఈ ఫైల్‌లో లేదు, అందుకే అడగలేదు. కుటుంబానికి ఆశ పెట్టి ఫీజు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈ నిర్బంధానికి కాలపరిమితి లేదు. 2003లో డెమోర్ వర్సెస్ కిమ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమ్మతించింది. అప్పీల్‌కి వెళ్ళినవాళ్ళు కూడా సగటున ఐదు నెలలే ఉంటారన్న లెక్క ఆ తీర్పులో ఉంది. 2016లో ప్రభుత్వమే ఆ లెక్క తప్పనీ, అప్పీల్ కేసుల్లో సగటు ఏడాది దాటిందనీ కోర్టుకి రాసింది. అయినా 2018లో జెన్నింగ్స్ వర్సెస్ రోడ్రిగెజ్ కేసులో, ఆర్నెల్లకోసారి బాండ్ హియరింగ్ ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదంది సుప్రీంకోర్టు. హేబియస్ పిటిషన్ (నిర్బంధమే చెల్లదని ఫెడరల్ కోర్టుకెళ్ళడం) ఒక దారి. కానీ మా వైపు ఫెడరల్ కోర్టుల్లో అది తేలేలోపు అసలు కేసే తేలిపోతుంది.

ఏడేళ్ళ లెక్క, ఐదేళ్ళ లెక్క

మిగిలిన రక్షణ క్యాన్సిలేషన్ ఆఫ్ రిమూవల్, అంటే డిపోర్టేషన్ రద్దు. గ్రీన్ కార్డ్ హోల్డర్‌కి మూడు అర్హతలుండాలి. ఏదో ఒక స్టేటస్‌లో అడ్మిట్ అయినప్పటి నుంచి ఏడేళ్ళు నిరంతరంగా నివసించి ఉండాలి. పర్మనెంట్ రెసిడెంట్‌గా ఐదేళ్ళు నిండాలి. అగ్రవేటెడ్ ఫెలనీ ఉండకూడదు. మూడోది ఆ 45 రోజుల ఒప్పందంతో దక్కింది. అసలు యుద్ధం మొదటి రెండిటి మీద.

ఏడేళ్ళు హెచ్-4 మీద దిగిన 2012 ఏప్రిల్ నుంచే మొదలవుతాయి. గ్రీన్ కార్డ్ బ్యాక్‌లాగ్‌లో ఏళ్ళ తరబడి మగ్గిన మనవాళ్ళకి ఈ ఒక్కచోట ఆ నిరీక్షణ పనికొస్తుంది. అయితే ఈ లెక్క రెండు కారణాలతో ఆగిపోతుంది: నోటీస్ టు అప్పియర్ అందిన రోజు, లేదా నిర్ణీత నేరం చేసిన రోజు, ఏది ముందైతే అది. శిక్ష పడిన రోజు కాదు, నేరం చేసిన రోజు. 2020లో బార్టన్ వర్సెస్ బార్ కేసు తర్వాత, ఛార్జ్‌షీట్‌లో లేని పాత నేరం చూపించి కూడా ప్రభుత్వం లెక్క ఆపేయగలదు.

ప్రభుత్వ లాయర్ సరిగ్గా ఆ దెబ్బే వేశారు. 2017 ఫిబ్రవరి దొంగతనంతో లెక్క ఆగిపోయింది, అప్పటికి ఐదేళ్ళు కూడా నిండలేదు, అర్హత లేదు అని. దీనికి జవాబు 2003 నాటి మ్యాటర్ ఆఫ్ డియాండా-రోమోలో ఉంది. మొదటి నేరం పెటీ అఫెన్స్ మినహాయింపులోకి వస్తే అది లెక్కని ఆపదు. రెండో నేరం జరిగాక మినహాయింపు పోయినా, వెనక్కి వెళ్ళి మొదటి నేరం తేదీ దగ్గర గీత గీయడానికి లేదు. రెండో నేరం చేసిన రోజే గీత. అంటే 2021 జూలై. ఏడేళ్ళు 2019 ఏప్రిల్‌లోనే నిండాయి.

దీన్ని నిరూపించింది ఒకే ఒక్క కాగితం. 2017 కేసులో కౌంటీ కోర్టు ఇచ్చిన డిఫర్డ్ ఆర్డర్. ప్రభుత్వం మొదట పెట్టిన కాపీలో నేరం స్థాయి రాసే గడి మీద స్కానర్ నల్లటి చార పడి ఏమీ కనబడటం లేదు. క్లాస్ ఎ అని వాళ్ళు, క్లాస్ బి అని మేము. నిజానికి క్లాస్ ఎ అయినా గరిష్ఠ శిక్ష ఏడాదే కాబట్టి మినహాయింపు లోపలే. కానీ జడ్జి ముందు ఒక్క సందేహం కూడా మిగలకూడదని కౌంటీ క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ తెప్పించాం. గడిలో 'బి' స్పష్టంగా ఉంది. ఆ తర్వాత ప్రభుత్వ లాయర్ ఆ వాదన మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఐదేళ్ళు. 2018 ఏప్రిల్ నుంచి లెక్కేస్తే 2023 ఏప్రిల్‌కి నిండుతాయి. నోటీస్ అందింది 2022 సెప్టెంబర్‌లో. ఇక్కడే చాలామంది, కొందరు లాయర్లతో సహా, చేతులెత్తేస్తారు. "నోటీస్ ఇచ్చాక కాలం ఆగిపోయింది కదా" అని. ఆగింది నివాసపు లెక్క మాత్రమే. ఆపే నిబంధనలో ఉన్నది 'నిరంతర నివాసం', 'నిరంతర ఉనికి' అన్న మాటలే. పర్మనెంట్ రెసిడెంట్ హోదాలో గడిపే ఐదేళ్ళ గురించి అందులో ఏమీ లేదు. ఫైనల్ ఆర్డర్ దాకా హోదా ఉంటుంది కాబట్టి, డిటెన్షన్‌లో గడిపే ప్రతి రోజూ ఆ ఐదేళ్ళలో కలుస్తుంది. లోపల ఉండటమే ఆమెని అర్హురాలిని చేయబోతోంది.

జనవరి

డిటెయిన్డ్ కేసులు కోర్టులో త్వరగా నడుస్తాయి. చివరి హియరింగ్ 2023 జనవరి నెలాఖరుకి పడింది. ఆ రోజు తీర్పిస్తే ఐదేళ్ళకి మూడు నెలలు తక్కువ. దరఖాస్తు విచారణకే రాదు.

వాయిదా అడగాలంటే సరైన కారణం చూపాలి. టైమ్ కోసం టైమ్ అడిగితే ఏ జడ్జీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మాకు పని నిజంగానే మిగిలి ఉంది. సైకాలజిస్ట్‌ని లోపలికి అనుమతించడంలో ఆలస్యమైంది. పిల్లల స్కూల్ కౌన్సెలర్ రిపోర్ట్ రాలేదు. గుంటూరులో ఆమె డిప్రెషన్‌కి గతంలో మందులు వాడిన కాగితాలు తెలుగు చేతిరాతలో ఉన్నాయి, సర్టిఫైడ్ అనువాదం కావాలి. ఇవన్నీ మోషన్‌లో రాసి, చివర్లో ఏప్రిల్ తేదీ గురించి కూడా దాపరికం లేకుండా రాశాను. జడ్జికి ఆ లెక్క ఎలాగూ తెలుస్తుంది. దాచితే మిగతా కారణాల మీద కూడా నమ్మకం పోతుంది.

రెండో దారి కూడా సిద్ధంగా ఉంచాం. జనవరిలో ఓడిపోతే 30 రోజుల్లో అప్పీల్. అప్పీల్ నడుస్తున్నంతకాలం ఆర్డర్ ఫైనల్ కాదు, హోదా ఉంటుంది, ఐదేళ్ళు అప్పీల్‌లో నిండుతాయి, కేసు వెనక్కి పంపమని అడగొచ్చు. కానీ దాని ఖరీదు మరిన్ని నెలల నిర్బంధం.

బరువంతా మోసింది ఆమే. పాపకి ఐదేళ్ళు. వీడియో కాల్‌లో అమ్మ యూనిఫాం చూసి "ఆఫీసా?" అని అడిగేది. ఊళ్ళో ఉన్న తల్లి ప్రతి ఆదివారం ఒకటే మాట: "సంతకం పెట్టేసి వచ్చెయ్యమ్మా, పిల్లల్ని ఇక్కడే చదివించుకుందాం." ఒకరోజు ఆమె నిజంగానే సంతకం పెడతానన్నారు. నేను ఆపే ప్రయత్నం చేయలేదు. సంతకం పెడితే ఏం జరుగుతుందో మాత్రం చెప్పాను. డిపోర్టేషన్ ఆర్డర్ ఒప్పుకుంటే ఆ రోజే గ్రీన్ కార్డ్ పోతుంది, అప్పటిదాకా పోగైన నాలుగేళ్ళ తొమ్మిది నెలలు సున్నా అవుతాయి, ఈ రెండు కేసులతో మళ్ళీ వీసా దొరకడం చాలా కష్టం. వాలంటరీ డిపార్చర్‌తో ఆర్డర్ మచ్చ తప్పుతుంది, కానీ గ్రీన్ కార్డ్ మాత్రం దక్కదు. "ఎన్ని రోజులు ఇంకా?" అన్నారు. ఏప్రిల్ దాటేదాకా కచ్చితంగా, ఆ పైన చెప్పలేను అన్నాను. ఇంకోరోజు ఆలోచించుకుని ఉంటానన్నారు.

జనవరి హియరింగ్‌లో డిటెన్షన్ సెంటర్ వీడియో లింక్ రెండుసార్లు తెగింది. వాంగ్మూలం సగంలో ఆగిపోయింది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా, జడ్జి మా మోషన్ మంజూరు చేసి మే రెండో వారానికి వేశారు.

మే

ఐదేళ్ళు నిండాక చట్టం గొడవ పెద్దగా మిగల్లేదు. మిగిలింది విచక్షణ. అర్హత ఉన్నా మంజూరు చేయాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. ఎన్నేళ్ళుగా ఇక్కడున్నారు, కుటుంబం, పిల్లల కష్టం, పశ్చాత్తాపం ఒక వైపు, నేరాల తీరు, రెండోసారి చేయడం ఇంకో వైపు వేసి తూస్తారు. నా అనుభవంలో దొంగతనం కేసుల్లో జడ్జీలు నేరం కన్నా, దాన్ని చెప్పే తీరు చూసే నిర్ణయిస్తారు.

"డబ్బులేక తీశారా?" అని జడ్జి అడిగారు. ఆమె కాదన్నారు. పర్సులో కార్డ్ ఉంది, బిల్లు కట్టగలను, అయినా తీశాను అన్నారు. ఎందుకంటే చెప్పలేకపోయారు. రెండోసారి దొరికాక మొదలుపెట్టిన కౌన్సెలింగ్ గురించి, తీసేముందు చేతులు చల్లబడటం గురించి చెప్పారు. ఆ మాటలు నేను నేర్పినవి కావు. నేర్పి ఉంటే ఇంకా పొందికగా ఉండేవి, జడ్జి అంతగా వినేవారు కాదు. భర్త వాంగ్మూలం పది నిమిషాల్లో అయిపోయింది. స్కూల్ రిపోర్ట్ మీద ప్రశ్నలేమీ రాలేదు.

తీర్పు అదే మధ్యాహ్నం బెంచ్ మీద నుంచే చెప్పారు. మంజూరు. ప్రభుత్వ లాయర్ అప్పీల్ వదులుకుంటున్నామన్నారు. వాళ్ళు అప్పీల్ హక్కు అట్టిపెట్టుకుని ఉంటే ఆమె ఇంకో నెల లోపలే ఉండాల్సి వచ్చేది. రాత్రికి బయటికొచ్చారు.

బయటికొచ్చాక

గ్రీన్ కార్డ్ కొత్తగా ఇచ్చినట్టు కాదు, పాతదే కొనసాగుతుంది. తేదీ 2018 ఏప్రిలే. ఈ రక్షణ జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. ఇంకో కేసు వస్తే ఈ దారి లేదు.

భర్త భయం ఇండియా ప్రయాణం గురించి. మామూలుగా ఇలాంటి నేరమున్న గ్రీన్ కార్డ్ హోల్డర్ బయటికెళ్ళి తిరిగొస్తే, ఎయిర్‌పోర్ట్‌లో కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషి కింద లెక్కేస్తారు. డిటెన్షన్ చాలామందికి అక్కడే మొదలవుతుంది. క్యాన్సిలేషన్ మంజూరైన నేరాలకి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. జడ్జి ఆర్డర్ కాపీ దగ్గరుంచుకుని వెళ్ళమన్నాను. వెళ్ళొచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో సెకండరీలో (అదనపు తనిఖీ దగ్గర) కూర్చోబెట్టారు, కాగితం చూసి పంపేశారు.

ఈమధ్య వాళ్ళు అడిగింది సిటిజన్‌షిప్ గురించి. దానికి ముందు ఐదేళ్ళూ సత్ప్రవర్తన చూపాలి. ఆ కాలంలో శిక్ష కింద మొత్తం 180 రోజులు జైల్లో గడిపితే సత్ప్రవర్తన లేనట్టే లెక్క. గ్రీన్ కార్డ్ లేనివాళ్ళు పదేళ్ళ నిరంతర ఉనికితో వేసే క్యాన్సిలేషన్‌కీ ఇదే నియమం. ఐస్ దగ్గర గడిపిన ఎనిమిది నెలలు శిక్ష కాదు, సివిల్ నిర్బంధం. అవి ఈ 180లోకి రావు. కౌంటీ జైలు 45 రోజులు మాత్రం వస్తాయి. అయితే రెండో దొంగతనం ఆ ఐదేళ్ళ కిటికీలో ఉన్నంతకాలం అదొక్కటే అడ్డంకికి సరిపోతుంది. ఎన్-400 (సిటిజన్‌షిప్) దరఖాస్తు 2026 జూలై దాటాకే వేద్దాం, కౌన్సెలింగ్ రికార్డులు మాత్రం పారేయకండి అని చెప్పి పంపాను.